ఉండాలా, రావాలా: కరోనా కాలపు గల్ఫ్ వలసపై చర్చ ఎక్కడ ఆగింది

2020 ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష శిబిరాల్లో కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల వాళ్లు తమను ఇంటికి పంపమని రోజుల తరబడి ఎదురుచూశారు. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, అవే జిల్లాల్లో సెలవు మీద వచ్చి చిక్కుకుపోయినవాళ్లు మళ్లీ కువైట్ చేరే దారి కోసం ఎదురుచూశారు. జబ్బు అదే. ఊళ్లు అవే, అప్పులు కూడా చాలావరకు అవే. ఈ రెండు ఎదురుచూపులనూ కలిపి వివరించగలిగిన వాదం ఇప్పటికీ బలంగా నిలబడలేదు.

పరాయి దేశంలో అంటురోగం పెరుగుతూ, ఆంక్షలు బిగుస్తూ ఉంటే వలస వెళ్లినవాళ్లు ఎలా స్పందిస్తారన్న ప్రశ్న మీద కరోనా తర్వాత చాలా రాశారు. ప్రజారోగ్య నిపుణులు భయాన్ని చూశారు. ఆర్థికవేత్తలు అప్పును, జీతాన్ని చూశారు. హక్కుల సంఘాలు కార్మికుడిని యజమానికి కట్టేసే కఫాలా పద్ధతిని చూశాయి. ఒక్కొక్కరు ఒక్కో నెలను, ఒక్కో నగరాన్ని, ఒక్కో రకం వీసా ఉన్నవాళ్లను పరిశీలించి మొత్తం వలస గురించి తీర్పు చెప్పడంతో చర్చ చిక్కుపడింది. ఈ సమీక్ష గల్ఫ్‌ను కేంద్రంగా పెట్టుకుంటుంది. అక్కడి ఆరు దేశాల్లో కలిపి 85 లక్షలకు పైగా భారతీయులు ఉండటం ఒక కారణం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ నుంచి కడప, కోనసీమ దాకా తెలుగు పల్లెల బతుకు ఆ దేశాలతో ముడిపడి ఉండటం రెండో కారణం. సింగపూర్, అమెరికా, ఆస్ట్రేలియా అనుభవాలు పోలిక కోసం వస్తాయి.

వాదాల్లోకి వెళ్లేముందు ఈ వ్యాసం ఎటు మొగ్గుతుందో చెప్పడం న్యాయం. జబ్బు మీద స్పందన అని మనం పేరు పెట్టినదాంట్లో ఎక్కువ భాగం దారుల మీద స్పందన. పాస్‌పోర్టు, అకామా (నివాస అనుమతి), బాకీ జీతం, విమానం టికెట్టు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే మనిషి ఏం చేయగలడో నిర్ణయించింది. అయితే ఈ మొగ్గు కూడా కొన్ని చోట్ల సరిపోదు. ఆ చోట్లనూ చూద్దాం.

కరోనాకు ముందు మనకు తెలిసినవి

గల్ఫ్ వలసకు సంక్షోభాలు కొత్త కాదు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేలకు పైగా భారతీయులు చాలావరకు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో వెనక్కి వచ్చారు. ఏళ్ల సంపాదన అక్కడే వదిలి కట్టుబట్టలతో వచ్చినవాళ్లే ఎక్కువ. 2008-09 ఆర్థిక మాంద్యంలో దుబాయ్ నిర్మాణ రంగం కుదేలైనప్పుడు కూడా అలాంటి తిరుగు వెల్లువ వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ తరఫున కె.సి. జకారియా, ఎస్. ఇరుదయ రాజన్ చేసిన అధ్యయనాల్లో తిరిగివచ్చినవారి సంఖ్య భయపడినంతగా లేదని తేలింది. ఉద్యోగం పోయినవాళ్లు తక్కువ జీతానికి మరో చోట కుదిరారు, లేదా గదిలో నలుగురితో సర్దుకుని అక్కడే ఉండిపోయారు. 2013లో సౌదీ తమ పౌరులకే ఉద్యోగాలన్న నితాఖత్ విధానాన్ని గట్టిగా అమలు చేసినప్పుడు వేలమంది తిరిగివచ్చారు గాని, కొత్త వీసాల మీద వెళ్లేవాళ్లు ఆగలేదు.

ఇలా 2020 నాటికి పరిశోధకుల దగ్గర రెండు నమూనాలున్నాయి. యుద్ధం వస్తే వలసదారు పారిపోతాడు, మాంద్యం వస్తే పట్టుకుని ఉంటాడు. మహమ్మారి ఈ రెండింటికీ లొంగలేదు. యుద్ధంలో ప్రమాదం అక్కడ, భద్రత ఇక్కడ. కరోనాలో ప్రమాదం రెండు చోట్లా ఉంది. మాంద్యంలో విమానాలు ఎగురుతూనే ఉంటాయి. కరోనాలో అవి ఆగిపోయాయి.

మూసుకుపోయిన పది వారాలు

2020 మార్చి 17న ఖతార్ ప్రభుత్వం దోహాలోని ఇండస్ట్రియల్ ఏరియాలో కార్మికుల నివాసాలున్న వీధులను మూసివేసింది. 22న కువైట్‌లో సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా కర్ఫ్యూ మొదలైంది. సరిగ్గా అదే రోజు నుంచి భారత్ అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు దిగడాన్ని ఆపేసింది. నెలాఖరున దుబాయ్‌లో కార్మికులు, చిన్న వ్యాపారులు కిక్కిరిసి ఉండే అల్ రాస్ ప్రాంతానికి తాళం పడింది. ఏప్రిల్ 1న ఒమాన్‌లో మత్రా, 6న కువైట్‌లో జిలీబ్ అల్ షుయూఖ్, మహబుల్లా ప్రాంతాలను దిగ్బంధించారు. ఈ పేర్లన్నీ వలస కార్మికులు ఎక్కువగా ఉండే చోట్లవే. ఆంక్షలు నగరమంతటా ఒకేలా పడలేదని, వలసదారుల ఇళ్ల చుట్టూ ముందుగా, గట్టిగా పడ్డాయని ఈ వరుస చూస్తేనే తెలుస్తుంది.

ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. అకామా లేనివాళ్లు, మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి అయినవాళ్లు, జరిమానా కట్టకుండా, కువైట్ ఖర్చుతోనే ఇంటికి వెళ్లవచ్చు, మళ్లీ కొత్త వీసాతో రావచ్చు. దరఖాస్తు చేసినవాళ్లను శిబిరాలకు తరలించారు. కానీ స్వదేశంలో విమానాశ్రయాలు మూసి ఉన్నాయి. ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు విదేశాల్లోని భారతీయుల పిటిషన్లను విచారిస్తూ, ప్రస్తుతానికి ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలన్న వైఖరి తీసుకుంది. అంతకు ముందు రోజే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, తమ పౌరులను వెనక్కి తీసుకోని దేశాలతో కార్మిక ఒప్పందాలను పునఃసమీక్షిస్తామని హెచ్చరించింది. ఒక దేశం వెళ్లమంటోంది, ఇంకో దేశం రావద్దంటోంది. మే 7న వందే భారత్ మిషన్ మొదలై అబుదాబి నుంచి కొచ్చికి, దుబాయ్ నుంచి కోజికోడ్‌కు తొలి విమానాలు వచ్చేదాకా ఈ స్థితి మారలేదు. మే 9న కువైట్ నుంచి హైదరాబాద్‌కు విమానం దిగింది. మే 10న కువైట్ మూడు వారాల సంపూర్ణ కర్ఫ్యూలోకి వెళ్లింది.

తర్వాత వచ్చిన వాదాలన్నీ ఈ పది వారాలను చదివిన తీరులోంచి పుట్టినవే.

భయం వాదం

అందరికంటే ముందు వినిపించింది ఇదే. కేసులు పెరిగాయి, గదికి పదిమంది పడుకునే లేబర్ క్యాంపుల్లో దూరం పాటించడం కుదరదు, అందుకే జనం ఇంటిదారి పట్టాలనుకున్నారు అంటుంది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2020 వసంతంలో సౌదీలో నమోదైన కేసుల్లో విదేశీయులే ఎక్కువ. కువైట్‌లో ఏప్రిల్ నెలలో రోగుల్లో భారతీయుల వాటా అన్నిటికంటే పెద్దది. 2021 మధ్యనాటికి విదేశాల్లో కరోనాతో చనిపోయిన భారతీయులు మూడున్నర వేలు దాటారని విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పింది. అందులో సౌదీ, ఎమిరేట్స్ ముందున్నాయి. చనిపోయినవాళ్లలో చాలామందికి అక్కడే అంత్యక్రియలు చేశారు. పెట్టెలో శవం కూడా ఇంటికి చేరదన్న ఆలోచన పల్లెల్లో పుట్టించిన దిగులు ఎంతటిదో గల్ఫ్ కుటుంబాలకు తెలుసు.

ఈ వాదానికి ఒక గట్టి పరీక్ష ఉంది. ఏప్రిల్ చివర్లో ఎమిరేట్స్‌లోని భారత దౌత్య కార్యాలయాలు స్వదేశానికి వెళ్లాలనుకునేవాళ్ల పేర్లు నమోదు చేయడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో లక్షన్నర మందికి పైగా పేర్లిచ్చారు. అందులో దాదాపు నాలుగో వంతు మంది ఉద్యోగం పోయిందని చెప్పినవాళ్లు. అంటే మిగతావాళ్లలో రోగభయం, కుటుంబంపై బెంగ, గర్భం, వృద్ధాప్యం, గడువు తీరిన విజిట్ వీసా వంటి కారణాలకు చోటుంది. అదే సమయంలో ఈ లక్షన్నరను ఎమిరేట్స్‌లోని ముప్పై లక్షల పైచిలుకు భారతీయులతో పోల్చి చూడాలి. తొంభై అయిదు శాతం మంది ఆ వారంలో పేరివ్వలేదు. భయమే ప్రధాన చోదకమైతే ఈ నిష్పత్తి తలకిందులుగా ఉండాలి.

మరో సంగతి ఉంది. సౌదీ రాజు సల్మాన్ 2020 మార్చి 30న, అకామా లేనివాళ్లతో సహా అందరికీ కరోనా వైద్యం ఉచితమని ఆదేశించారు. జబ్బు చేస్తే తమ జిల్లా ఆసుపత్రి కంటే రియాద్ ఆసుపత్రే మేలని తలచినవాళ్లకు ఉండిపోవడం భయంలేనితనం కాదు, భయంలోంచే పుట్టిన తెలివైన నిర్ణయం. భయం వాదం చేసిన పొరపాటు, భయానికి ఒకే దిక్కు ఉంటుందనుకోవడం.

అప్పు, జీతం, ఇల్లు

రెండో వాదం ఆర్థికవేత్తలది. వలస ఒక వ్యక్తి నిర్ణయం కాదు, కుటుంబం తన నష్టభయాన్ని పంచుకోవడానికి వేసే ఎత్తు అని ఓడెడ్ స్టార్క్ వంటివాళ్లు 1980ల నుంచీ చెబుతున్నారు. ఆ చూపుతో చూస్తే ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాడికి, అప్పు తీరకముందే ఇంటికి రావడం జబ్బు కంటే పెద్ద ప్రమాదం. అందువల్ల జీతంలో కోత పడినా, సగం నెల పని లేకపోయినా ఉంటాడు. ఎమిరేట్స్ మార్చి 26న తెచ్చిన 279వ నంబరు మంత్రిత్వ తీర్మానం, ఉద్యోగి ఒప్పుకుంటే జీతం లేని సెలవుకు, తాత్కాలికంగానో శాశ్వతంగానో జీతం తగ్గించడానికి యజమానులకు వీలిచ్చింది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో తెలిసిన చోట ఆ ఒప్పుదలకు విలువెంత అన్నది వేరే ప్రశ్న. చాలామంది సంతకం పెట్టి ఉండిపోయారన్నది వాస్తవం.

ఈ వాదానికి పెద్ద బలం ప్రపంచ బ్యాంకు అంచనా తప్పడం దగ్గర దొరికింది. 2020 ఏప్రిల్‌లో ఆ సంస్థ, భారత్‌కు వచ్చే ప్రవాసుల సొమ్ము 23 శాతం పడిపోయి 64 బిలియన్ డాలర్లకు దిగుతుందని చెప్పింది. ఏడాది ముగిశాక చూస్తే 83 బిలియన్ డాలర్లు వచ్చాయి. తగ్గుదల నామమాత్రం. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు వలసదారు తన తిండి తగ్గించుకుని అయినా ఎక్కువ పంపుతాడన్న పాత సూత్రం నిజమైందని ఆర్థికవేత్తలు సంతోషించారు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. విమానాలు లేవు కాబట్టి సంచిలో తెచ్చే నగదు, బంగారం, హుండీ మార్గంలో వచ్చే డబ్బు బ్యాంకుల్లోకి మళ్లింది. ఉద్యోగం పోయి సర్దుకుంటున్నవాళ్లు దాచుకున్నదంతా ఒకేసారి పంపారు. అది పొదుపు ఖాళీ కావడమే గాని సంపాదన కాదు. పైగా ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందన్నది మారిపోయింది. రిజర్వు బ్యాంకు 2022లో ప్రచురించిన సర్వే ప్రకారం 2016-17లో సగానికి పైగా ఉన్న గల్ఫ్ దేశాల వాటా 2020-21 నాటికి దాదాపు 30 శాతానికి పడిపోయింది. ఎమిరేట్స్‌ను దాటి అమెరికా మొదటి స్థానానికి వచ్చింది. దేశం మొత్తం మీద లెక్క నిలబడిందంటే డాలస్‌లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతం నిలబడిందని అర్థం కావచ్చు. దాన్ని చూపించి షార్జాలోని సెంట్రింగ్ మేస్త్రీ కుటుంబం నిలదొక్కుకుందని చెప్పడం తగదు. ఆర్థిక వాదం గల్ఫ్ కార్మికుడి విషయంలో తనకున్న ఆధారం కంటే ఎక్కువ ధీమాగా మాట్లాడిందని నా అభిప్రాయం.

కఫీల్ చేతిలో తాళంచెవి

మూడో వాదం పై రెండింటి మూలాన్నే ప్రశ్నిస్తుంది. భయపడ్డాడా, లెక్కేసుకున్నాడా అని అడిగేముందు, అతనికి నిర్ణయించుకునే వీలుందా అని అడగాలంటుంది. కఫాలా పద్ధతిలో కార్మికుడి నివాసం యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు చట్టప్రకారం కార్మికుడి దగ్గరే ఉండాలన్నా, ఆచరణలో కఫీల్ (యజమాని) దగ్గర ఉండటం మామూలు. అకామా పొడిగించడం యజమాని బాధ్యత. పొడిగించకపోతే నేరస్థుడయ్యేది కార్మికుడు.

అల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో, ఒక వ్యవస్థ పాడైనప్పుడు మనిషికి మూడు దారులున్నాయన్నాడు: వెళ్లిపోవడం, గొంతెత్తడం, విధేయంగా ఉండిపోవడం. గల్ఫ్‌లో మొదటి దారి విమానాలతో మూతపడింది. రెండోది ఎప్పుడూ పూర్తిగా తెరుచుకుని లేదు. మిగిలిన మూడోదాన్ని పట్టుకుని కార్మికులు ఓర్పుగా సహకరించారని ప్రభుత్వాలు మెచ్చుకున్నాయి. యోర్గెన్ కార్లింగ్ అనే నార్వే పరిశోధకుడు వలస అధ్యయనాల్లో కోరికను, సామర్థ్యాన్ని విడదీసి చూడాలని 2002లోనే చెప్పాడు. వెళ్లాలని ఉండీ కదలలేని స్థితికి, ఉండాలని ఉండి ఉన్న స్థితికి బయటినుంచి చూస్తే తేడా కనపడదు. 2020 ఏప్రిల్‌లో తీసిన ఏ లెక్కా ఈ తేడాను పట్టుకోలేదు.

అయినా గొంతులు పూర్తిగా ఆగలేదు. మే మొదట్లో కువైట్ శిబిరంలో ఈజిప్టు కార్మికులు తమ విమానాల కోసం ఆందోళనకు దిగితే పోలీసులు చెదరగొట్టారు. అదే నెలలో దోహాలోని మ్షైరెబ్ ప్రాంతంలో జీతాలందని కార్మికులు రోడ్డు మీదికి వచ్చారు. నిరసనలను ఉపేక్షించని దేశాల్లో ఇది చిన్న విషయం కాదు. ఈ రెండు చోట్లా నినాదం వైరస్ గురించి కాదన్నది గమనించాలి. ఒక చోట అది విమానం గురించి, మరోచోట జీతం గురించి.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి ఈ వాదం కూడా తగినంతగా పట్టించుకోలేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్లినవాళ్లకు పని చోటే ఇల్లు. కర్ఫ్యూలో కుటుంబమంతా రోజంతా ఇంట్లోనే ఉండటంతో వంట, శుభ్రం, పిల్లల పని పెరిగాయి. వారానికి ఒక పూట బయటికొచ్చి నలుగురు మనవాళ్లను కలిసే వీలు పోయింది. క్యాంపుల్లో ఉన్న మగవాళ్ల ఫొటోలు పత్రికల్లోకి ఎక్కాయి. నాలుగు గోడల మధ్య ఉన్న వీళ్లు ఏ నమోదులోనూ, ఏ వరుసలోనూ కనిపించలేదు. లాక్‌డౌన్ మీద ప్రవాసుల స్పందన అని రాసిన పరిశోధనల్లో చాలావరకు ఫోను చేతిలో ఉండి, ఆన్‌లైన్ ప్రశ్నపత్రం నింపగలిగినవాళ్ల స్పందనే. ఈ లోపం చిన్నది కాదు.

కఫాలా వాదానికి ఉన్న బలహీనత వేరు. అది గల్ఫ్ దేశాలన్నిటినీ ఒకే గాటన కడుతుంది. ఖతార్ 2020లోనే ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అవసరాన్ని తీసేసింది. 2021 మార్చి నుంచి జాతితో సంబంధం లేకుండా వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలు చేసింది. అమలులో లోపాలున్నా ఇది మార్పే. అదే కాలంలో కువైట్‌లో గాలి ఎదురు దిశలో వీచింది. జనాభాలో విదేశీయుల వాటాను 70 నుంచి 30 శాతానికి తగ్గించాలని అప్పటి ప్రధాని జూన్‌లో అన్నారు. భారతీయులు 15 శాతం మించకూడదన్న బిల్లు ముసాయిదా జూలైలో పార్లమెంటు కమిటీ ముందుకొచ్చింది. ఒకే జబ్బు, ఒకే రకం చట్టాల పునాది ఉన్న రెండు దేశాలను రెండు వైపులకు నడిపింది. కఫాలా ఒక్కటే దీన్ని వివరించలేదు.

సింగపూర్ పక్కన పెట్టి చూస్తే

పోలికకు సింగపూర్ విలువైనది. అక్కడ డార్మిటరీల్లో దాదాపు 3 లక్షల 20 వేల మంది కార్మికులు ఉండేవారు. బంగ్లాదేశ్ వాళ్లు, తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. 2020 ఏప్రిల్ తొలివారంలో డార్మిటరీలకు తాళాలు పడ్డాయి. ఏడాది చివర్లో ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం డార్మిటరీ కార్మికుల్లో 47 శాతం మందికి అప్పటికే వైరస్ సోకింది. నగరంలోని మిగతా జనంలో అది అర శాతం కూడా లేదు. అయితే మరణాలు చాలా స్వల్పం. మూల జీతం ఇవ్వాలని యజమానులను ఆదేశించారు, భోజనం, వైఫై ఏర్పాటు చేశారు, విస్తృతంగా పరీక్షలు జరిపారు.

దీన్ని రెండు పక్షాలు రెండు రకాలుగా చదివాయి. దిగ్బంధం ప్రాణాలు కాపాడిందని ఒకరు, పన్నెండు మందికి పైగా ఒకే గదిలో ఉంచడమే రోగాన్ని పెంచిందని మరొకరు. టీడబ్ల్యూసీ2 వంటి స్వచ్ఛంద సంస్థలు డార్మిటరీల రద్దీ గురించి వ్యాప్తి మొదలవకముందే, మార్చిలోనే హెచ్చరించాయి. మనకు కావలసింది ఇంకోటి. జీతం, తిండి ఖాయంగా ఉన్న సింగపూర్‌లో కార్మికుల ప్రధాన ఫిర్యాదు ఒంటరితనం, కదలిక లేకపోవడం. నగరం తెరుచుకున్నా వాళ్ల మీద ఆంక్షలు 2021 దాటి కొనసాగాయి. గల్ఫ్‌లో ప్రధాన ఫిర్యాదు జీతం, టికెట్టు. పొట్ట గడవడం ఖాయమైన చోట మనిషి స్వేచ్ఛ గురించి మాట్లాడాడు, ఖాయం కాని చోట పొట్ట గురించి మాట్లాడాడు. దారులే స్పందనను తీర్చిదిద్దాయన్న మాటకు ఇంతకంటే దగ్గరి ఆధారం నాకు కనపడలేదు.

మంచి వీసాలకూ తాళాలు

చదువుకున్న వలసదారుల దగ్గర ఈ చర్చ త్వరగానే తేలిపోతుంది. వాళ్లకు చట్టాలు తెలుసు, గొంతు ఉంది, అయినా తలుపులు మూసుకున్నాయి. వందే భారత్ తొలి వారాల్లో హెచ్-1బీ మీద ఉన్న తల్లిదండ్రులు అమెరికాలో పుట్టిన పసిపిల్లలను తీసుకుని విమానం ఎక్కలేకపోయారు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుల మీద ప్రయాణాన్ని భారత్ ఆపేయడం దీనికి కారణం. మే 22న ఆ నిబంధన సడలింది. ఆస్ట్రేలియా ప్రధాని 2020 ఏప్రిల్‌లో తాత్కాలిక వీసాల వాళ్లను సొంత దేశాలకు వెళ్లమన్నారు. 2021 మేలో అదే దేశం భారత్ నుంచి తిరిగివచ్చే తన సొంత పౌరులకే జైలు శిక్ష ఉంటుందని ప్రకటించింది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో అమెరికా వదలాల్సిన తెలుగు యువకుడికి, అకామా తీరిన మోర్తాడ్ కార్మికుడికి మధ్య ఎంత దూరముందో అందరికీ తెలుసు. వీసా గడువే ఇద్దరి దినచర్యనూ నడిపించిందన్నది మాత్రం ఉమ్మడి.

2021: దిక్కు మారింది

మొదటి ఏడాది వాదాలన్నిటికీ అసలు పరీక్ష రెండో ఏడాదిలో ఎదురైంది. భారత్‌లో కరోనా డెల్టా రకం విజృంభించింది. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి ఎమిరేట్స్ భారత్ ప్రయాణికులను ఆపింది. సౌదీ, కువైట్ అంతకు ముందే మూసేశాయి. సెలవు మీద వచ్చినవాళ్లు అకామా గడువు తీరిపోతుందని అల్లాడిపోయారు. నిషేధం లేని మూడో దేశంలో పద్నాలుగు రోజులు గడిపితే సౌదీ వెళ్లవచ్చన్న వెసులుబాటుతో నేపాల్, మాల్దీవులు, బహ్రెయిన్ దారులు వెతికారు. ఏప్రిల్ చివర్లో నేపాల్ ఆ దారి మూసింది. టికెట్లు, హోటళ్లు, పరీక్షలు కలిపి మళ్లీ కొత్తగా వీసా కొన్నంత ఖర్చు. మొదటిసారి వెళ్లడానికి తెచ్చిన అప్పు మీద ఇది రెండో అప్పు.

టీకా దగ్గర తెలుగు నేలకు ప్రత్యేకమైన చిక్కు వచ్చింది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3న గాని రాలేదు. అంతవరకు ఆ టీకా వేసుకున్నవాళ్లు పలు గల్ఫ్ దేశాల లెక్కలో టీకా వేసుకోనివాళ్లే. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏ సీసా అందుబాటులో ఉంటే అదే వేయించుకున్న కార్మికుడి ఉద్యోగం ఆ సీసా మీద ఆధారపడింది. కోవిషీల్డ్ రెండు మోతాదుల మధ్య వ్యవధిని విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం 28 రోజులకు తగ్గించడానికి కేంద్రం జూన్‌లో అనుమతించింది. మంచి నిర్ణయమే, కానీ సమాచారం గ్రామాలకు చేరేసరికి చాలామంది గడువులు దాటిపోయాయి.

భయం వాదం ఈ తిరుగు ప్రయాణాన్ని చెప్పగలదు: ఇప్పుడు ప్రమాదం ఇక్కడ ఎక్కువ. ఆర్థిక వాదమూ చెప్పగలదు: అక్కడ పని మొదలైంది. మొదటి ఏడాదినీ రెండో ఏడాదినీ కలిపి చెప్పాల్సి వస్తే రెండూ తడబడతాయి. రెండేళ్లలోనూ మారనిది ఒకటే, గడువు తీరే కాగితం. 2020లో అది తీరిపోయినందుకు రావాలనుకున్నారు. 2021లో అది తీరిపోకముందే వెళ్లాలనుకున్నారు.

కేరళకు ఉన్నది, మనకు లేనిది

స్వరాష్ట్రం ఎలా వ్యవహరించిందన్నది కూడా ప్రవాసుల స్పందనను మార్చింది. కేరళలో నోర్కా అనే ప్రత్యేక శాఖ ఉంది, 1998 నుంచి సాగుతున్న వలస సర్వే ఉంది. అందుకే అక్కడ పది లక్షలకు పైగా ప్రవాసులు తిరిగివచ్చారనీ, వారిలో ఎంతమంది ఉద్యోగం పోయి వచ్చారనీ ప్రభుత్వం చెప్పగలిగింది. సెలవు మీద వచ్చి చిక్కుకున్నవాళ్లకు అయిదు వేల రూపాయల సాయం అందించింది. తెలుగు రాష్ట్రాల్లో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ, టామ్‌కామ్ వంటి సంస్థలున్నా కేరళ తరహాలో దశాబ్దాల పాటు సాగిన సర్వే లేదు. విమానం దిగిన కార్మికుడికి మొదట ఎదురైన ప్రశ్న, క్వారంటైన్‌కు డబ్బు కట్టగలడా అన్నది. నెలల తరబడి జీతం లేకుండా వచ్చినవాడిని ఆ ప్రశ్న అడగడం అన్యాయం. గల్ఫ్ కార్మిక సంఘాలు దానిపై గట్టిగా పోరాడాయి.

తెలంగాణ నుంచి వచ్చిన ఒక జోక్యం మాత్రం దేశం మొత్తానికి పనికొచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ ఉత్తర్వులిచ్చింది. ఉద్యోగాలు ఇతర దేశాల కార్మికులకు పోకుండా ఉండటానికే అన్నది కేంద్రం వాదన. దానిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జూలైలో కేంద్రం పాత వేతనాలనే పునరుద్ధరించింది. హిర్ష్‌మన్ చెప్పిన గొంతు అక్కడ మూగబోతే ఇక్కడ వినిపించింది. ప్రవాసుల స్పందన అంటే విదేశంలో వాళ్లు చేసిందే అనుకుంటే ఈ కథ పుస్తకాలకు ఎక్కదు.

ఇంకా తేలనివి

మొదటిది జీతాల బాకీ. మైగ్రెంట్ ఫోరమ్ ఇన్ ఏషియా 2020 జూన్ 1న వేతన చౌర్యానికి వ్యతిరేకంగా ప్రచారం మొదలుపెట్టింది. క్షమాభిక్ష విమానమెక్కినవాడు బాకీ జీతం, సర్వీసు డబ్బు అక్కడే వదిలి వచ్చాడు. కేసు నడపాలంటే అక్కడ ఉండాలి, లేదా పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి. కర్ఫ్యూలో శిబిరం నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్లినవాడు ఆ పని ఎప్పుడు చేయగలడు? క్షమాభిక్ష కార్మికుడి మీద దయా, యజమాని మీద దయా అన్న వివాదం అందుకే ఇంకా సజీవంగా ఉంది. నా దృష్టిలో రెండూ నిజం. మొదటిదాని గురించి చెప్పుకున్నంతగా రెండోదాని గురించి చెప్పుకోలేదు.

రెండోది పునరావాసం. తిరిగివచ్చినవాళ్ల నైపుణ్యాలు నమోదు చేసి ఉద్యోగాలు చూపడానికి కేంద్రం 2020లో స్వదేస్ పథకం తెచ్చింది. ఆన్‌లైన్ దరఖాస్తు నింపినవాళ్లతో పోలిస్తే పని దొరికినవాళ్లు చాలా తక్కువ. దోహాలో పదేళ్లు స్కఫోల్డింగ్ కట్టినవాడి అనుభవానికి ఇక్కడి మార్కెట్లో సర్టిఫికెట్టు లేదు. అందుకే దారులు తెరవగానే మళ్లీ వెళ్లారు. దీన్ని గల్ఫ్ మీద నమ్మకంగా చదవాలా, ఇక్కడ ఇంకో దారి లేకపోవడంగా చదవాలా అన్న దగ్గర పరిశోధకులు ఇంకా రెండుగా చీలి ఉన్నారు.

మూడోది లెక్కలది. కేంద్రం నడిపే ఈమైగ్రేట్ వ్యవస్థ ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుతో గల్ఫ్ వంటి చోట్లకు పనికి వెళ్లేవాళ్లను నమోదు చేస్తుంది. తిరిగొచ్చేవాళ్లను నమోదు చేయదు. ఎవరు ఏ నెలలో, ఏ కారణంతో, ఎంత బాకీ వదిలి వచ్చారు, వాళ్లలో ఎంతమంది అదే కఫీల్ దగ్గరికి తక్కువ జీతానికి వెళ్లారు అన్నవి మండలం వారీగా తెలిస్తే గాని భయం, అప్పు, కఫాలా వాదాల్లో దేనికి ఎంత బరువుందో తూచలేం. శంషాబాద్, గన్నవరం విమానాశ్రయాల్లో 2020 మే నుంచి దిగిన ప్రతి ప్రయాణికుడి చేత క్వారంటైన్ కోసం ఊరు, మండలం, ఫోను నంబరు రాయించుకున్నారు. ఆ కాగితాలను రోగం వెతకడానికి వాడారు. బాకీ జీతాలు వెతకడానికి వాటిని వాడమని గల్ఫ్ కార్మిక సంఘాలు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఇప్పటికైనా అడగవచ్చు.